సిమ్యులేషన్‌లో బాగుంది, బల్ల మీద మాత్రం నిలవడం లేదు: లోడ్ సెల్ యాంప్లిఫయర్

తొలిటంకం:
అందరికీ నమస్కారం. 10 కిలోల లోడ్ సెల్‌తో (బరువును చిన్న వోల్టేజ్‌గా మార్చే సెన్సర్) తూకం మిషన్ చేద్దామని మొదలుపెట్టి మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

లోడ్ సెల్ రేటింగు వోల్టుకు 2 మిల్లీవోల్టులు. దాని బ్రిడ్జికి (లోపలి నాలుగు రెసిస్టర్ల అమరికకు) 5 వోల్టులు ఇస్తున్నాను కాబట్టి నిండు బరువుకు 10 మిల్లీవోల్టులు రావాలి. ఎల్ఎం 358 ఐసీలో రెండు ఆప్ యాంపులు ఉంటాయి, వాటిలో ఒకదానితో డిఫరెన్స్ యాంప్లిఫయర్ (రెండు వైర్ల మధ్య తేడాను పెంచేది) కట్టాను. రెండు ఇన్‌పుట్లకూ 1 కిలో ఓమ్ చొప్పున, ఫీడ్‌బ్యాక్‌కు 200 కిలో ఓమ్‌లు, ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు 200 కిలో ఓమ్‌లు. అంటే గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 200. రెసిస్టర్లన్నీ 1 శాతంవి. ఔట్‌పుట్ 12 బిట్ల ఏడీసీకి (వోల్టేజ్‌ను అంకెగా మార్చేది) వెళ్తుంది. నాలుగంకెల సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేతో సహా అంతా ఒకే బ్రెడ్‌బోర్డు మీద ఉంది.

సిమ్యులేషన్‌లో 10 కిలోలకు కచ్చితంగా 2 వోల్టులు వచ్చింది. బల్ల మీద కథ వేరు. పైన ఏ బరువూ లేకుండానే 0.6 వోల్టులు ఉంటోంది. ఐసీ పాడైందేమో అని ఇంకోటి పెడితే అది సున్నా దగ్గర అతుక్కుపోయి, సుమారు 2 కిలోలు పెట్టేదాకా కదల్లేదు. మొదటి ఐసీతోనే 10 కిలోలు పెట్టి చూస్తే పెరిగింది 1.7 వోల్టులే. ఆన్ చేశాక అరగంట దాకా రీడింగ్ మెల్లగా జారుతూనే ఉంటుంది. వీటన్నిటికన్నా నాకు అంతుపట్టనిది ఒకటుంది. డిస్‌ప్లే మీద 1 అంకెలు ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చే రీడింగుకూ, 8 అంకెలు ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చే రీడింగుకూ మధ్య 12, 15 గ్రాముల తేడా వస్తోంది. డిస్‌ప్లే పీకేస్తే ఆ ఆట ఆగిపోతుంది.

పిన్_13:
లోడ్ సెల్ కోసం రెడీమేడ్‌గా దొరికే హెచ్ఎక్స్ 711 మాడ్యూల్ పెట్టేయండి, పది నిమిషాల్లో అయిపోతుంది.

తొలిటంకం:
అది తెలుసండి. అమ్మడానికో, ఎవరికైనా ఇవ్వడానికో అయితే అదే పెట్టేవాడిని. ఈ యాంప్లిఫయర్ ఎందుకు ఇలా ఉందో అర్థం కాకుండా వదిలేస్తే రేపు ఇంకో సెన్సర్ దగ్గర మళ్లీ ఇక్కడికే వస్తాను.

సున్నారేఖ:
టంకం గారూ, మీ ప్రశ్న బాగుంది. లక్షణాలు విడివిడిగా రాశారు, అందుకే సగం పని తేలికైంది. మీరు చెప్పిన నాలుగింటికీ కారణాలు వేరు వేరు. ఒకటే రోగం అనుకుని మందు వెతకడం వల్లే మూడు వారాలు పట్టింది.

ముందు తేలికైనది చూద్దాం, 1.7 వోల్టుల సంగతి. సిమ్యులేషన్‌లో లోడ్ సెల్ బదులు 10 మిల్లీవోల్టుల సోర్స్ పెట్టి ఉంటారు, అవునా? ఆ సోర్స్‌కు లోపలి రెసిస్టెన్స్ ఉండదు. నిజమైన బ్రిడ్జిలో నాలుగు చేతులూ 350 ఓమ్‌ల చొప్పున ఉంటాయి. ఒక సిగ్నల్ వైరు నుంచి లోపలికి చూస్తే పై చేయి, కింది చేయి ప్యారలల్‌లో కనిపిస్తాయి. అంటే 175 ఓమ్‌లు. అది మీ 1 కిలో ఓమ్‌కు సిరీస్‌లో కలుస్తుంది. ఇక మీ గెయిన్ 200ను 1.175తో భాగించండి. 170 వస్తుంది. 10 మిల్లీవోల్టులను 170తో గుణిస్తే 1.7 వోల్టులు. మీ ఆప్ యాంప్ ఇక్కడ ఏ తప్పూ చేయలేదు.

తొలిటంకం:
సార్, నిజంగా 10 మిల్లీవోల్టుల సోర్సే పెట్టాను. సిమ్యులేషన్‌లో నాలుగు 350 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి ఇప్పుడే మళ్లీ నడిపాను, 1.70 వచ్చింది! మూడు వారాలు రెసిస్టర్ విలువలు మారుస్తూ కూర్చున్నాను.

డేటాషీట్‌చదువరి:
0.6 వోల్టులూ, సున్నా దగ్గర అతుక్కోవడమూ ఒకే కారణం. ఎల్ఎం 358 డేటాషీట్‌లో ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ వోల్టేజ్ (సిగ్నల్ లేకపోయినా ఇన్‌పుట్‌లో ఉన్నట్టు కనిపించే వోల్టేజ్) వరస చూడండి. గరిష్ఠం 7 మిల్లీవోల్టులు అని ఉంటుంది. మీ సిగ్నల్ మొత్తం 10 మిల్లీవోల్టులు! మొదటి ఐసీలో ఆఫ్‌సెట్ ప్లస్ వైపు సుమారు 3 మిల్లీవోల్టులు ఉండి ఉంటుంది, గెయిన్‌తో గుణిస్తే అర వోల్టు దాటుతుంది. మిగతాది రెసిస్టర్ల తేడా. రెండో ఐసీలో మైనస్ వైపు 2 మిల్లీవోల్టులు. మైనస్ సప్లై లేదు కాబట్టి ఔట్‌పుట్ సున్నా కిందికి పోలేదు. బరువు వల్ల వచ్చే సిగ్నల్ ఆ 2 మిల్లీవోల్టులను దాటేదాకా అలాగే కూర్చుంటుంది. మీ సెల్‌కు 2 మిల్లీవోల్టులంటే ఎంతో చూడండి, 2 కిలోలు. ఐసీలు రెండూ మంచివే, పారేయకండి.

ఈ ప్రాజెక్టులో ఒక లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి: 10 కిలోలకు 10 మిల్లీవోల్టులు అంటే గ్రాముకు 1 మైక్రోవోల్టు. ఇకనుంచి ఏ దోషం గురించి విన్నా దాన్ని మైక్రోవోల్టుల్లోకి మారిస్తే చాలు, ఎన్ని గ్రాములో తెలిసిపోతుంది. ఎల్ఎం 358 ఆఫ్‌సెట్ ఒక్కో డిగ్రీకి మామూలుగా 7 మైక్రోవోల్టులు జారుతుంది. బోర్డు 10 డిగ్రీలు వేడెక్కితే 70 గ్రాములు. మీ అరగంట జారుడులో పెద్ద వాటా దీనిదే. ఆన్ చేసినప్పటి ఆఫ్‌సెట్‌ను టేర్ బటన్ (ఖాళీ రీడింగ్‌ను సున్నా చేసేది) తీసేస్తుంది గానీ, ఆ తర్వాత జారేదాన్ని తీసేయలేదు.

సున్నారేఖ:
రెసిస్టర్ల తేడా గురించి ఇంకో మాట. బ్రిడ్జి రెండు సిగ్నల్ వైర్లూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. మనకు కావాల్సింది వాటి మధ్య ఉన్న 10 మిల్లీవోల్టులు. నాలుగు రెసిస్టర్లూ 1 శాతంవైతే, అన్నీ చెడు వైపుకే తిరిగాయనుకుంటే, ఆ 2.5 వోల్టుల్లోంచి ఇన్‌పుట్ దగ్గర అర మిల్లీవోల్టు దాకా లోపలికి చొరబడుతుంది. అంటే 500 గ్రాములు. అదీ స్థిరంగా ఉంటే టేర్ చేసుకోవచ్చు. కానీ రెసిస్టర్లు ఉష్ణోగ్రతతో తలో దారిన మారతాయి. వాటి నిష్పత్తి డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారిందనుకోండి, 10 డిగ్రీలకు సుమారు 12 మైక్రోవోల్టులు. ఇంకో 12 గ్రాములు. అందుకే ఇలాంటి పనికి విడి రెసిస్టర్లతో డిఫరెన్స్ యాంప్లిఫయర్ కట్టమని నేను ఎవరికీ చెప్పను. ఒకే చిప్ మీద సరిచేసిన రెసిస్టర్లు ఉండే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ తీసుకోవాలి.

పాతపనిమంతుడు:
ఆలస్యంగా చూశాను. డిస్‌ప్లే సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, దాన్ని నాకు వదిలేయండి.

తమ్ముడూ, ఒక పని చెయ్. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల రేంజిలో పెట్టు. నల్ల ప్రోబ్ ఏడీసీ గ్రౌండ్ పిన్ మీద, ఎర్ర ప్రోబ్ ఆ 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండులో కలిసే చోట పెట్టు. రెండూ గ్రౌండే, సర్క్యూట్ బొమ్మలో రెండింటికీ ఒకే గుర్తు. అయినా కొలువు. డిస్‌ప్లే మీద 1111 పెట్టి ఒకసారి, 8888 పెట్టి ఒకసారి. వచ్చిన అంకెలు ఇక్కడ రాయి.

తొలిటంకం:
కొలిచాను అన్నా. 1111కు 0.9 మిల్లీవోల్టులు, 8888కు 3.1 మిల్లీవోల్టులు. సున్నా ఉంటుందనుకున్నాను. ప్రోబులు మార్చి కొలిచినా అంతే, గుర్తు మాత్రం మారింది.

పాతపనిమంతుడు:
ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక్కో సెగ్మెంటుకు ఎంత కరెంటు ఇస్తున్నావు?

తొలిటంకం:
5 మిల్లీ ఆంపియర్లు. మల్టీప్లెక్సింగ్ లేదు, నాలుగంకెలూ ఎప్పుడూ వెలిగే ఉంటాయి.

పాతపనిమంతుడు:
సరే. 1 అంకెకు రెండు సెగ్మెంట్లు, నాలుగంకెలకు ఎనిమిది, అంటే 40 మిల్లీ ఆంపియర్లు. 8 అంకెకు ఏడు సెగ్మెంట్లు, నాలుగంకెలకు ఇరవై ఎనిమిది, అంటే 140 మిల్లీ ఆంపియర్లు. 0.9 మిల్లీవోల్టులను 40తో భాగించు, 3.1ని 140తో భాగించు. రెండుసార్లూ 22 మిల్లీ ఓమ్‌లే వస్తుంది. నీ బ్రెడ్‌బోర్డు గ్రౌండ్ పట్టీ, దాని క్లిప్పులు, జంపర్ వైరు కలిపి 22 మిల్లీ ఓమ్‌ల రెసిస్టర్ అన్నమాట. బొమ్మలో నువ్వు గీయలేదు గానీ అది బల్ల మీద ఉంది.

డిస్‌ప్లే కరెంటు సప్లైకి తిరిగి వెళ్తూ ఆ రెసిస్టర్ గుండా పోతోంది. యాంప్లిఫయర్ తన సున్నాను ఆ రెసిస్టర్‌కు ఒక కొసన చూసుకుంటోంది, ఏడీసీ ఇంకో కొసన. రెండు సున్నాల మధ్య తేడా 2.2 మిల్లీవోల్టులు మారింది. నీ ఔట్‌పుట్ గ్రాముకు 0.17 మిల్లీవోల్టులు కదా, భాగిస్తే 13 గ్రాములు. నువ్వు చూసిన 12, 15 గ్రాములు ఇవే. 12 బిట్ల ఏడీసీలో ఒక మెట్టు 1.22 మిల్లీవోల్టులు, అంటే 7 గ్రాములు, కాబట్టి రెండు మెట్లు అటూ ఇటూ దూకుతోంది.

మందు చాలా చవక. డిస్‌ప్లే గ్రౌండ్ వైరును పట్టీలోంచి పీకి నేరుగా సప్లై మైనస్ టెర్మినల్‌కు విడిగా తీసుకెళ్లు. 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కాలును ఏడీసీ గ్రౌండ్ పిన్ పక్కనే కలుపు. ఏ కరెంటు ఎక్కడినుంచి వచ్చి ఏ దారిన ఇంటికి వెళ్తోందో పెన్సిల్‌తో గీసుకో. పెద్ద కరెంటు నడిచే దారిలో చిన్న సిగ్నల్ తన సున్నాను వెతుక్కోకూడదు. పీసీబీ వేస్తే ఇది దానంతట అదే పోతుందనుకోకు. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు, పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న ఒక్కో గడికి అర మిల్లీ ఓమ్. 1 మిల్లీమీటర్ వెడల్పుతో 10 సెంటీమీటర్ల ట్రాక్ అంటే వంద గడులు, 50 మిల్లీ ఓమ్‌లు. నీ బ్రెడ్‌బోర్డు కన్నా ఎక్కువ!

ఇరవై ఏళ్లకు పైగా బోర్డులు బాగుచేస్తున్నాను. సర్క్యూట్ తప్పు కాకుండా గ్రౌండ్ దారి తప్పుగా ఉన్నవి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఆ రెండు ప్రోబులనూ గ్రౌండ్ మీదే పెట్టి కొలవడం మాత్రం మరిచిపోకు.

తొలిటంకం:
అన్నా, ఒక్క వైరు మార్చాను. 1111, 8888, ఏది పెట్టినా తేడా లేదు. నిన్న రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

నానోవోల్టు:
మంచిది. ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అందరూ ముందు ఏడీ 620 పేరు చెబుతారు. చిప్ మంచిదే, కానీ 5 వోల్టుల ఒంటి సప్లై మీద దానికి ఊపిరాడదు. ఔట్‌పుట్ రెండు కొసల దగ్గరా వోల్టుకు పైగా వదిలేయాలి. మీకు ఐఎన్ఏ 333 లాంటిది నప్పుతుంది. 1.8 నుంచి 5.5 వోల్టుల మీద నడుస్తుంది, ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 25 మైక్రోవోల్టులు, జారుడు డిగ్రీకి 0.1 మైక్రోవోల్టు. ఎల్ఎం 358 డిగ్రీకి 7 గ్రాములు జారితే ఇది గ్రాములో పదోవంతు. ఇన్‌పుట్ చాలా హై ఇంపీడెన్స్ కాబట్టి 175 ఓమ్‌ల గొడవ కూడా ఉండదు.

గెయిన్ 200 దగ్గరే ఆగకండి. 249 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే గెయిన్ దాదాపు 402. ఏడీసీ మెట్టు 3 గ్రాములకు దిగుతుంది. రిఫరెన్స్ పిన్‌కు (ఔట్‌పుట్ ఎక్కడినుంచి మొదలవాలో చెప్పేది) 0.5 వోల్టు ఇవ్వండి, అప్పుడు సున్నా బరువు దగ్గర ఔట్‌పుట్ నేలకు తగలదు. ఆ 249 ఓమ్‌లది మాత్రం తక్కువ టెంపరేచర్ కోఎఫిషియెంట్ ఉన్నది కొనండి. గెయిన్ మొత్తం దాని మీదే ఆధారపడుతుంది.

ఫ్లక్స్‌గీత:
సోల్డర్ చేశాక బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడగండి. ఫ్లక్స్ మరకల్లోంచి లీకేజి కరెంటు పారుతుంది.

డేటాషీట్‌చదువరి:
గీత గారూ, అది మెగా ఓమ్‌ల సర్క్యూట్లకు, పీహెచ్ ప్రోబుల్లాంటి వాటికి కదా. ఇక్కడ బ్రిడ్జి 350 ఓమ్‌లది. ఫ్లక్స్ లీకేజి దీన్ని ఏమీ చేయదు.

ఫ్లక్స్‌గీత:
నేనూ అలాగే అనుకునేదాన్ని. మీరు చెప్పిన గ్రాముకు మైక్రోవోల్టు లెక్కే వేసి చూడండి. 5 వోల్టుల పిన్‌కూ పక్కనున్న సిగ్నల్ పిన్‌కూ మధ్య మరక రెసిస్టెన్స్ 100 మెగా ఓమ్‌లు అనుకుందాం. సిగ్నల్ పిన్ 2.5 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి 25 నానో ఆంపియర్లు పారుతుంది. అది 175 ఓమ్‌ల గుండా పోతే 4.4 మైక్రోవోల్టులు. 4 గ్రాములకు పైనే. గాలిలో తేమ మారితే ఆ 100 మెగా ఓమ్‌లూ మారుతుంది. టేర్ చేసినా మళ్లీ కదులుతుంది.

డేటాషీట్‌చదువరి:
లెక్క సరైనదే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కడగండి టంకం గారూ.

తొలిటంకం:
పది రోజుల తర్వాత వచ్చాను. ఐఎన్ఏ 333 పెట్టి చిన్న బోర్డు మీద సోల్డర్ చేశాను, కడిగాను కూడా. రిఫరెన్స్ పిన్‌కు 45 కిలో ఓమ్‌లు, 5 కిలో ఓమ్‌ల డివైడర్‌తో 0.5 వోల్టు నేరుగా ఇచ్చాను. జారుడు తగ్గింది గానీ ఖాళీ రీడింగ్ అనుకున్న చోట లేదు. తర్వాత ఎక్కడో చదివి, మిగిలిన ఎల్ఎం 358ను బఫర్‌గా (వోల్టేజ్‌ను మార్చకుండా బలంగా అందించేది) పెట్టి, దాని ఔట్‌పుట్ దగ్గర 10 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టాను, వోల్టేజ్ గట్టిగా నిలబడుతుందని. ఇప్పుడు ఆసిలోస్కోప్‌లో చూస్తే అది నిలవకుండా ఊగుతోంది. సిగ్నల్ మొత్తం పాడైంది.

లూప్‌గెయిన్:
బఫర్ పెట్టడం సరైన పనే. ఐఎన్ఏ 333 లోపలి డిఫరెన్స్ స్టేజిలో నాలుగు 150 కిలో ఓమ్‌లు సరిపోల్చి ఉంటాయి, వాటిలో ఒకదాని కాలే రిఫరెన్స్ పిన్. మీ డివైడర్ 4.5 కిలో ఓమ్‌లు దానికి సిరీస్‌లో చేరితే ఆ సమతూకం 3 శాతం చెడిపోతుంది. చిప్ తయారీలో సరిచేసిన మ్యాచింగ్ వృథా అయిపోయింది. బఫర్ దాన్ని కాపాడుతుంది.

తప్పు ఆ 10 మైక్రోఫారాడ్లది. ఆప్ యాంప్ ఔట్‌పుట్‌కు కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. దానితో మీ కెపాసిటర్ కలిసి ఫీడ్‌బ్యాక్‌ను ఆలస్యం చేస్తుంది. ఆలస్యమైన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గరికి వచ్చేసరికి పాజిటివ్ అయిపోతుంది. బఫర్‌లో ఔట్‌పుట్ మొత్తం వెనక్కి వస్తుంది కాబట్టి ప్రమాదం అక్కడే ఎక్కువ. ఎల్ఎం 358 డేటాషీట్ బఫర్‌కు 50 పికోఫారాడ్ల దాకానే భరోసా ఇస్తుంది. మీరు పెట్టింది దానికి రెండు లక్షల రెట్లు.

1965లో వచ్చిన 709 ఆప్ యాంప్‌కు స్థిరత్వం కోసం బయట విడి కాంపొనెంట్లు పెట్టుకోవాల్సి వచ్చేది, వాడే ప్రతివారికీ ఈ సంగతి తెలిసి తీరాల్సిందే. 1968లో 741 వచ్చినప్పుడు 30 పికోఫారాడ్ల కెపాసిటర్‌ను చిప్ లోపలే పెట్టేశారు. అప్పటినుంచి మనం నిశ్చింతగా ఉండటం అలవాటు చేసుకున్నాం. లోపలి కెపాసిటర్‌కు మీరు బయట ఏం వేలాడదీస్తారో తెలియదు కదా.

ఔట్‌పుట్ దగ్గరి కెపాసిటర్ తీసి, బఫర్ ఇన్‌పుట్ దగ్గర డివైడర్ మధ్యలో పెట్టండి. నాయిస్‌ను అక్కడే ఆపుతుంది. ఔట్‌పుట్ నుంచి రిఫరెన్స్ పిన్‌కు వైరు ఒక్కటి చాలు.

నానోవోల్టు:
దానితో పాటు 5 వోల్టుల లైనే ఏడీసీ రిఫరెన్స్ (అది కొలవడానికి వాడే కొలబద్ద) కూడా అయ్యేలా చూడండి. బ్రిడ్జి, డివైడర్, ఏడీసీ మూడూ ఒకే 5 వోల్టుల మీద ఉంటే, ఆ వోల్టేజ్ 1 శాతం తగ్గినా సిగ్నల్ 1 శాతం, కొలబద్ద 1 శాతం కలిసే తగ్గుతాయి. రీడింగ్ కదలదు. ఖరీదైన రిఫరెన్స్ ఐసీ కొని ఏడీసీకి ఒక్కదానికే ఇస్తే ఈ లాభం పోతుంది.

ఇంకో చిట్కా. లోడ్ సెల్ విప్పేసి బాగా సరిపోలిన, వేడికి తక్కువగా మారే నాలుగు 350 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో డమ్మీ బ్రిడ్జి కట్టి అక్కడ పెట్టండి. రీడింగ్ అప్పుడూ జారితే తప్పు మీ ఎలక్ట్రానిక్స్‌ది. జారకపోతే సెల్‌ది, లేదా దాన్ని బిగించిన తీరుది. ఆ రెండిటినీ విడదీయకుండా వెతికితే నెలలు గడిచిపోతాయి.

తొలిటంకం:
కెపాసిటర్ మార్చగానే ఊగడం ఆగింది. డమ్మీ బ్రిడ్జి కట్టాను. ఇప్పుడు కొత్తగా ఒకటి గమనించాను: బ్రిడ్జి నుంచి వచ్చే కనెక్టర్ మీద నోటితో ఊదితే రీడింగ్ 6 గ్రాములు కదిలి మళ్లీ వెనక్కి వస్తోంది. నాలుగుసార్లు ఊదాను, నాలుగుసార్లూ అంతే.

నానోవోల్టు:
అది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలు కలిసే ప్రతి చోటా, ఉష్ణోగ్రత తేడా ఉంటే కాస్త వోల్టేజ్ పుడుతుంది. రాగికీ టంకానికీ మధ్య డిగ్రీకి ఒకటి నుంచి మూడు మైక్రోవోల్టులు, రాగికీ కోవార్ అనే మిశ్రమ లోహానికీ మధ్య 40 దాకా. కనెక్టర్ పిన్నుల లోహం, దాని పూత, వైరు, అన్నీ వేరు. రెండు సిగ్నల్ పిన్నులూ ఒకే వేడిలో ఉంటే రెండు వోల్టేజీలూ సమానమై రద్దవుతాయి. మీరు ఊదినప్పుడు ఒకటి ముందు వేడెక్కుతోంది. రెండు సిగ్నల్ పిన్నులనూ పక్కపక్కనే పెట్టండి, వేడెక్కే రెగ్యులేటర్‌కు దూరంగా జరపండి, పైన చిన్న మూత వేయండి.

తొలిటంకం:
కాగితం ముక్కతో మూసి చూశాను, ఊదినా కదల్లేదు. ప్లాస్టిక్ మూత చేస్తాను.

లూప్‌గెయిన్:
మిగిలింది 50 హెర్ట్జ్ మెయిన్స్ హమ్ (ఇంటి కరెంటు లైన్ల నుంచి సిగ్నల్‌లో కలిసే రొద). ఔట్‌పుట్‌లో 10 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారాడ్ పెట్టండి, కటాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీ దాటాక సిగ్నల్ తగ్గుతుందో ఆ హద్దు) 16 హెర్ట్జ్ అవుతుంది. ఆ 1 మైక్రోఫారాడ్ ఫిల్మ్ కెపాసిటర్ అయితే మేలు. ఎక్స్‌7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ మీద బరువు దబ్బున పెట్టిన అదురు పడితే తనే వోల్టేజ్ పుట్టిస్తుంది. ఇంతటితో హమ్ మూడోవంతుకే తగ్గుతుంది, మిగతాది సాఫ్ట్‌వేర్‌లో తీసేయాలి. సరిగ్గా 100 మిల్లీసెకన్ల పాటు సమాన వ్యవధుల్లో శాంపిళ్లు తీసి సగటు వేయండి. అందులో 50 హెర్ట్జ్ ఐదు పూర్తి చుట్లు, 60 హెర్ట్జ్ ఆరు పూర్తి చుట్లు పడతాయి. రెండూ సున్నా అయిపోతాయి. 90 మిల్లీసెకన్లు తీస్తే 50 హెర్ట్జ్‌కు అర చుట్టు మిగిలిపోతుంది.

పిన్_13:
మొదట్లో మాడ్యూల్ పెట్టేయమన్నది నేనే. ఇదంతా చదివాక నా దగ్గరున్న మాడ్యూల్ తూకం ఎందుకు పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా చూపిస్తోందో వెతకడం మొదలుపెట్టాను. రెగ్యులేటర్ పక్కనే కనెక్టర్ ఉంది.

తొలిటంకం:
నేటి రీడింగులు. డమ్మీ బ్రిడ్జితో రెండు గంటల్లో ఒక మెట్టు, అంటే 3 గ్రాములు మాత్రమే కదిలింది. అసలు లోడ్ సెల్‌తో 5 కిలోలు పెట్టి వదిలేస్తే మొదటి పదిహేను నిమిషాల్లో 6 గ్రాములు పెరిగి ఆగింది. తీసేస్తే మెల్లగా వెనక్కి వస్తోంది.

పాతపనిమంతుడు:
అది క్రీప్ తమ్ముడూ. సెల్‌లోని లోహం, స్ట్రెయిన్ గేజ్ అంటించిన జిగురు బరువు కింద మెల్లగా సాగి సర్దుకుంటాయి. సెల్ డేటాషీట్‌లో క్రీప్ వరస చూసి ఆ 6 గ్రాములు హద్దులోనే ఉన్నాయో లేదో పోల్చుకో. యాంప్లిఫయర్‌ను ఇక ముట్టుకోకు.